సైడింగు గేటు కాడ

(మైపాడులో యువకులు, కూలీ సంఘాల కార్యకర్తలు కూడిన సమావేశంలో ఒక రిటైర్డ్ రైల్వే పాయింట్స్‌మన్ చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం. – సం.)



మైపాడులో సముద్రం ఉంది, రైలు లేదు. రైలెక్కాలంటే మనం నెల్లూరు పోవాల్సిందే. ఇట్టాంటి ఊళ్ళో గూడ్సు బండి షంటింగు గురించి చెప్పమన్నారేందని వెనక కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, ఫర్వాలేదు. కానీ పోయిన నెల నుంచి ఒక మేస్త్రీ ఈ చుట్టుపక్కల గూడేల్లో, పట్టపుపాళేల్లో, యానాది కాలనీల్లో తిరుగుతున్నాడు. సైడింగులో పని, రోజు కూలి, వసతి మాదే, చదువుతో పని లేదు అంటున్నాడు. రొయ్యల గుంటల్లో పని దొరకని కుర్రాళ్ళు పేర్లు రాయించుకున్నారు. మన సంఘం వాళ్ళు నన్ను పిలిచింది అందుకు.

పోవద్దని చెప్పడానికి నేను రాలేదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు, ఆ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. పోయేవాడు ఏ పనికి పోతున్నాడో, ఆ పనికి కాగితం మీద ఏం పేరు రాస్తున్నారో, చెయ్యి తెగితే ఎవడు జవాబుదారో తెలుసుకోని పోవాలని చెప్పడానికొచ్చాను. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. ఉత్త పుస్తకం చదివి చెప్పే మాటలు కావు.

ముందు సైడింగు అంటే ఏందో చెప్తాను. ప్రధాన లైను నుంచి పట్టాలు పక్కకి చీలి ఒక రేవులోకో, సిమెంటు ఫ్యాక్టరీలోకో, కరెంటు ఫ్యాక్టరీలోకో, గోడౌను కాడికో పోతాయి. అది సైడింగు. చీలే చోట రెండు మొనదేలిన పట్టాలు ఇటూ అటూ జరుగుతాయి, వాటిని పాయింట్లంటారు. పాయింట్లు తిప్పి, బండిని తుంచి, వెనక్కీ ముందుకీ నెట్టి, ఏ వ్యాగను ఏ పట్టా మీద నిలబడాలో అక్కడ నిలబెట్టే పనిని షంటింగు అంటారు. దూరం నుంచి చూస్తే ఇంజను చేసే పనిలాగా ఉంటది. దగ్గరికి పోయి చూస్తే మనిషి చేసే పని.

బొగ్గు తెచ్చే రేకు ఒకటి తీసుకుందాం. పైన మూత లేని బాక్సన్ వ్యాగన్లు, సుమారు 58 ఉంటాయి. ఒక్కో వ్యాగను ఖాళీగానే ఇరవై రెండున్నర టన్నులు. నిండా నింపితే ఎనభై టన్నులు దాటుతుంది. అన్నీ తగిలిస్తే బండి పొడవు ఆరువందల మీటర్లు దాటుతుంది. చాలా సైడింగుల్లో అంత పొడవు పట్టా ఉండదు. అందుకని బండిని రెండుగా తుంచి సగం ఒక లైన్లో, సగం ఇంకో లైన్లో పెడతారు. బొగ్గు దించేచోట, నింపేచోట పైన కరెంటు వైరు ఉంటే కుదరదు కాబట్టి కరెంటింజను తప్పుకుంటుంది, డీజిలింజను వచ్చి వెనకనించి నెడుతుంది. ఇక్కడే ఉంది చిక్కంతా. నెట్టేటప్పుడు డ్రైవరు బండికి వెనక ఉంటాడు, ముందు ఏముందో ఆయనకి కనపడదు. ఆయన కళ్ళు మనం.

పాయింట్స్‌మన్ ముందు ఉండి జెండా చూపిస్తాడు. పచ్చ జెండా మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే నా నుంచి దూరంగా పో అని. ఒంటికి అడ్డంగా ఇటూ అటూ ఊపితే నా వైపు రా అని. రెండు చేతులూ చాపి తలపైకెత్తి నిలబెడితే ఆగు అని. రాత్రయితే దీపం. జెండా చూపే మనిషి కనపడకపోతే డ్రైవరు బండి ఆపాలి, అది రూలు. షంటింగులో గంటకి 15 కిలోమీటర్లు మించకూడదు, పేలుడు సామాను ఉంటే 8 మించకూడదు. ఇవి రైల్వే రూల్సులో ఉన్న మాటలు. ఒక్కో రూలు వెనకా ఎవడో ఒకడి చెయ్యో కాలో ఉందని మా జమాదారు అనేవాడు.

బండిని తుంచేటప్పుడు ఏం చేస్తారో వినండి, మేస్త్రీ ఈ ముక్క చెప్పడు. రెండు వ్యాగన్ల మధ్య ఇనప పిడికిళ్ళ లాంటి కప్లరు ఉంటుంది. దాన్ని విప్పే పిడి పక్కన ఉంటుంది, లోపలికి పోకుండానే ఎత్తొచ్చు. కానీ బ్రేకు గాలి పైపు రెండు వ్యాగన్ల మధ్యనే ఉంటుంది. ఆ పైపులో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడితో గాలి ఉంటుంది. ముందు రెండు వైపులా కాకులు మూసి, మిగిలిన గాలి వదిలి, అప్పుడు విడదియ్యాలి. తొందరపడి విడదీస్తే ఆ రబ్బరు పైపు పాములాగా లేచి మొహం మీద కొడుతుంది. మళ్ళీ తగిలించాలంటే మనిషి రెండు వ్యాగన్ల మధ్యకి పోవాల్సిందే. బండి పూర్తిగా ఆగినాక, డ్రైవరుకి చెప్పి, ఆయన సరేనన్నాక పోవాలి. ఆ ఒక్క నిమిషం ఆగటానికి ఓపిక లేని చోట మనుషులు పోతారు. 2024 నవంబరు 9న బిహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో ఇంజను విడదీస్తూ ఒక రైల్వే పోర్టరు ఇంజనుకీ బోగీకీ మధ్య నలిగి చనిపోయాడు. అది పెద్ద స్టేషను. పర్మనెంటు ఉద్యోగి. రూలు పుస్తకం ఉన్న చోటు, పగలు. అక్కడే అట్టా జరిగితే గోడ లోపల, రాత్రిపూట, పేరు లేని కూలీకి ఏం జరుగుతుందో మీరే ఆలోచించండి.

ఇంకొకటి వాలు. యార్డులో నాలుగొందల అడుగులకి ఒక అడుగు మించి వాలు ఉండకూడదని రైల్వే లెక్క. ఆ వాలు మన కంటికి ఆనదు, బిందె బోర్లించినా నీళ్ళు ఎటు పోవాలో ఆలోచిస్తాయి. కానీ ఎనభై టన్నుల వ్యాగనుకి తెలుస్తుంది. ఇప్పటి వ్యాగన్లకి రోలరు బేరింగులు, గాలి తోసినా కదులుతాయి. అందుకే నిలబెట్టిన వ్యాగన్లకి చేతి బ్రేకులు బిగించాలి, చక్రాల కింద వెడ్జి అనే చెక్క ఆపులు పెట్టాలి, గొలుసు వేసి తాళం వెయ్యాలి. ఆగి ఉన్న వ్యాగను గోడ కాదు. ఆగి ఉంది, అంతే.

ఆడోళ్ళు వినాల్సిన ముక్క ఇది. సరుకు దించినాక పట్టాల మధ్య రాలిన బొగ్గు, సిమెంటు, ఎరువు ఊడ్చే పని ఎక్కువగా మీకే ఇస్తారు. అటు పక్కకి పోవాలంటే చుట్టూ ఆరువందల మీటర్లు నడవాలి, కాబట్టి చీపురు పట్టుకోని వ్యాగను కింద దూరి పోతారు. నేను చాలా చోట్ల చూశాను. ఊడ్చేవాళ్ళు కింద ఉన్నప్పుడు రేకుకి రెండు చివరలా ఎర్ర జెండా పాతి, ఇంజను రాకుండా పాయింటు తాళం వెయ్యాలి. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో మీకు తెలియాలి. తెలియకపోతే దూరొద్దు. మేస్త్రీ అరిస్తే అరవనీ.

ఇంత జాగ్రత్త పని ఎందుకింత హడావిడిగా జరుగుతుందంటే గడియారం వల్ల. రేకు సైడింగులోకి వచ్చినాక సరుకు దించుకోవటానికి రైల్వే కొన్ని గంటలు ఉచితంగా ఇస్తుంది. అది దాటితే వ్యాగనుకి గంటకి ఇంత అని డెమరేజి వసూలు చేస్తుంది. 58 వ్యాగన్లు, గంట గంటకీ. దించిన సరుకు తియ్యకుండా రైల్వే స్థలంలో ఉంచితే దానికి వార్ఫేజి వేరే. ఈ డబ్బు కట్టాల్సి వస్తుందని యజమాని మేనేజరు మీద పడతాడు, మేనేజరు కాంట్రాక్టరు మీద, కాంట్రాక్టరు మేస్త్రీ మీద. మేస్త్రీ ఎవరి మీద పడతాడు? కప్లరు కాడ నిలబడినవాడి మీద. "ఇంకా ఎంతసేపురా" అనే కేక అక్కడే ఆగుతుంది, ఎందుకంటే వాడికి కింద ఇంకెవరూ లేరు. వ్యాగను ఆగితే గంటకి లెక్క రాసే పుస్తకం ఉంది. పైపు తగిలించటానికి ఆగిన నిమిషానికి పుస్తకం లేదు.

ఇప్పుడు, ఆ చివరి మనిషి ఎప్పుడూ మన వాడే ఎందుకయ్యాడు?

1938 ఫిబ్రవరిలో నాసిక్ జిల్లా మన్మాడ్‌లో రైల్వేలో పనిచేసే అణగారిన కులాల కార్మికుల మహాసభ జరిగింది. జీఐపీ రైల్వే అనేవాళ్ళు అప్పుడు. దానికి బాబాసాహెబ్ అంబేద్కర్ అధ్యక్షుడు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులని ఆయన చెప్పిన సభ అదే. ఆ మాట మన గోడల మీద చాలాసార్లు రాశాం. కానీ అదే ప్రసంగంలో ఆయన రైల్వే పని గురించి చెప్పిన చిన్న సంగతి మనం ఎక్కువ చెప్పుకోలేదు. మన వాళ్ళు గేంగుమన్‌గా చేరి గేంగుమన్‌గానే చస్తున్నారు, పై మెట్టు లేదు అన్నాడు. పోర్టరు ఉద్యోగం కూడా ఎందుకు రాదో చెప్పాడు. పోర్టరు అంటే స్టేషను మాస్టరు ఇంట్లో కూడా చాకిరీ చెయ్యాలి. స్టేషను మాస్టరు సవర్ణుడు, అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వడు. కాబట్టి పోర్టరుగా పెట్టుకోడు. చూడండి ఆయన బుర్ర. కులం ఉద్యోగంలోకి ఏ సందులోంచి దూరుతుందో ఆ సందు మీద వేలు పెట్టి చూపించాడు. వంటింటి గడపకీ రైల్వే జీతానికీ లంకె ఉందని ఇంకెవరికి తట్టింది?

నేను చేరినప్పుడు స్టేషను మాస్టరు ఇంటి చాకిరీ పోయింది. కానీ ఒక కేబినులో నీళ్ళకుండ పక్కన నా గ్లాసు వేరేగా బోర్లించి ఉండేది. ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, గ్లాసే చెప్పేది. ఊరి పేరు వద్దులే.

1942లో బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరయ్యాడు. 1943లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మనకు 8.33 శాతం, అంటే పన్నెండింటికి ఒకటి రిజర్వు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. 1946లో ఎనిమిదింటికి ఒకటయింది. 1970 నుంచి 15 శాతం. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేరిన నా బోటివాడు షంటింగ్ జమాదారు కావచ్చు, పరీక్ష రాసి గార్డు కావచ్చు, ఇంకా పైకీ పోవచ్చు అనే దారి అట్టా పడింది. గార్డుని 2022 నుంచి ట్రైన్ మేనేజరు అంటున్నారు. గేంగుమన్‌ని ట్రాక్ మెయింటెయినరు అంటున్నారు. పేరు పెరిగింది, సుత్తి బరువు మాత్రం తగ్గలేదు.

నెల్లూరికి ఉత్తరాన కావలి దారిలో బిట్రగుంట ఉంది. మన జిల్లాలో రైల్వే ఉద్యోగం అంటే పెద్దలకి ముందు గుర్తొచ్చే పేరు. బొగ్గింజన్ల షెడ్డు, పెద్ద యార్డు. ఆ రోజుల్లో ఒక్కో వ్యాగనులో సరుకు ఒక్కో ఊరికి. ఒక బండి వస్తే ముక్కలు చేసి, ఏ ఊరివి ఆ ఊరికి ఏరి, మళ్ళీ బండ్లు కట్టాలి. అది రాత్రింబవళ్ళు షంటింగు. ఖలాసీలు, పాయింట్స్‌మన్లు, బొగ్గు మోసేవాళ్ళు, బూడిద తోడేవాళ్ళు. 1980ల నుంచి రైల్వే ఆ చిల్లర సరుకు తగ్గించి బ్లాకు రేకులకి మళ్ళింది. అంటే బండి మొత్తం ఒకే సరుకు, ఒకే చోటు నుంచి ఒకే చోటుకి. 1990ల్లో బొగ్గింజన్లూ పోయాయి. యార్డు బోసిపోయింది. కొత్త తరం వాళ్ళకి బిట్రగుంట అంటే బండి ఆగే ఒక స్టేషను, అంతే.

యార్డు పోయిందిగా, ఇంక షంటింగెక్కడిది అనుకుంటారు. అది చావలేదు. బండి మొత్తం ఒకే చోటుకి పోతుంది కాబట్టి తుంచటం, నెట్టటం, తగిలించటం ఆ చివరి చోటుకి, సైడింగులోకి జరిగింది. యార్డు రైల్వేది. సైడింగు చాలా చోట్ల ప్రైవేటుది. 2010లో ప్రైవేటు ఫ్రైట్ టెర్మినల్ విధానం, 2021 డిసెంబరులో గతిశక్తి కార్గో టెర్మినల్ విధానం తెచ్చి, సైడింగులు కట్టుకొనేవాళ్ళకి రైల్వే దారి ఇంకా సులువు చేసింది. దీంట్లో సరుకు కదిలే లాభం ఉంది, కాదనను. రోడ్డు మీద లారీలు తగ్గితే మంచిదే. నేను చెప్పేది గేటు సంగతి. గేటుకి ఇటువైపు పాయింట్లు తిప్పేవాడు పరీక్ష రాసి, రోస్టరులో రిజర్వేషను లెక్కలో చేరినవాడు. గేటు దాటినాక అదే పాయింటు తిప్పే పని, అదే పైపు తగిలించే పని కాంట్రాక్టుకి పోతే అక్కడ రోస్టరు లేదు, రిజర్వేషను లేదు. పట్టా ఒకటే, వ్యాగను ఒకటే. మనిషి మారిపోతాడు. విడ్డూరం ఏందంటే రిజర్వేషను లేని ఆ కూలిపనిలో మన వాళ్ళే ఎక్కువ కనపడతారు. నేను పోయిన ప్రతి సైడింగులో అదే చూశాను. 15 శాతం లెక్క ఉన్నచోట మనకి ఖాళీలు నింపరు, లెక్క లేనిచోట మనల్ని గుంపులుగా నింపుతారు.

మన తీరం సంగతికి వద్దాం. మన తాతలు పడవలు నడిపిన బకింగ్‌హాం కాలవ ఒకప్పుడు సరుకు దారి. 1899లో మద్రాసు–బెజవాడ రైలు దారి పూర్తయినాక సరుకు మెల్లగా రైలెక్కింది, కాలవ ఎండింది. వందేళ్ళు దాటినాక సరుకు మళ్ళీ సముద్రం ఒడ్డుకి వచ్చింది. ఇక్కడికి దక్షిణంగా కృష్ణపట్నం రేవు 2008 జులైలో మొదలైంది. 2020లో అదానీ కంపెనీ అందులో ముప్పాతిక వాటా కొన్నది, 2021లో మిగిలిందీ కొన్నది. వెంకటాచలం కాడ ప్రధాన లైను నుంచి చీలి రేవుకి పట్టాలు పోతాయి. 2019 సెప్టెంబరు 1న వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకి కొత్త లైను ప్రారంభించారు. చెర్లోపల్లి, రాపూరు మధ్య ఆరున్నర కిలోమీటర్లు దాటిన సొరంగం కొండని తొలుచుకోని పోతుంది. రేవు సరుకు గూడూరు, రేణిగుంట చుట్టు తిరగకుండా నేరుగా కడప వైపు పోవటానికి ఆ లైను. అంటే ఈ తీరాన రేకులు ఇంకా పెరుగుతాయి కానీ తగ్గవు. షంటింగు పనీ పెరుగుతుంది. ఆ పని ఏ పేరుతో, ఎవరికి ఇస్తారనేదే మనం అడగాల్సింది.

రేవు పక్కనే నేలటూరులో కరెంటు ఫ్యాక్టరీ ఉంది, మూడు యూనిట్లు, ఒక్కోటీ 800 మెగావాట్లు. దాని పేరు దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం. సంజీవయ్యగారు 1960 నుంచి 1962 దాకా మన ముఖ్యమంత్రి, దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. అది అందరికీ తెలుసు. 1964 నుంచి 1966 దాకా ఆయన కేంద్రంలో కార్మిక మంత్రి అన్నది చాలామందికి తెలియదు. బోనస్ చట్టం 1965లో ఆయన మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిందే. ఆయన పేరు గేటు మీద పెట్టినందుకు సంతోషం. ఆ పేరు చూసినప్పుడల్లా మన కుర్రాళ్ళకి విగ్రహం గుర్తు రాకూడదు, కార్మిక శాఖ గుర్తు రావాలి.

ఇక చట్టం సంగతి. కొంచెం ఓపిక పట్టండి, ఇది చేదు మందు. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. నిరంతరం సాగే పనుల్లో కాంట్రాక్టు రద్దు చేసే అధికారం ప్రభుత్వానికిచ్చింది. రద్దు చేసినాక ఆ కూలీల గతేంటి? 1996లో ఎయిరిండియా కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు రద్దయితే వాళ్ళు అసలు యజమాని ఉద్యోగులే అవుతారన్నది. ఆ తీర్పు రాసింది జస్టిస్ కె. రామస్వామి, మన రాష్ట్రం నుంచి పోయిన దళిత న్యాయమూర్తి. సమత తీర్పు రాసినాయన కూడా ఆయనే. ఐదేళ్ళు కూడా నిలవలేదు ఆ మాట. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన ఉద్యోగం రాదన్నది. కాంట్రాక్టు ఉత్త నాటకమని రుజువు చేసుకుంటే తప్ప. రుజువు చెయ్యాల్సింది కూలీ. రుజువు కాగితం ఉండేది కాంట్రాక్టరు బీరువాలో.

ఇప్పుడా 1970 చట్టం కూడా కొత్త కోడ్లలో కలిసిపోయింది. నాలుగు లేబర్ కోడ్లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. పాత కేంద్ర చట్టం ఇరవై మంది కాంట్రాక్టు కూలీలు ఉంటే వర్తించేది, కొత్తది యాభై మంది ఉంటేనే. నలభై తొమ్మిది మందిని పెట్టుకొనే కాంట్రాక్టర్లు ఎంతమంది పుడతారో చూస్తూ ఉండండి. కొత్త కోడ్‌లో ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. సంస్థ అసలు పనిలో కాంట్రాక్టు కూలీని పెట్టకూడదని ఉంది. తర్వాత అసలు పని కిందికి రానివి ఏవో ఒక జాబితా ఇచ్చారు, అందులో లోడింగు, అన్‌లోడింగు ఉన్నాయి. దానికి మినహాయింపులూ ఉన్నాయి. ఇప్పుడు మేస్త్రీ కార్డు మీద ఏం రాస్తాడో ఊహించండి. "లోడింగ్ కూలీ" అని రాస్తాడు. రాసి, చేతికి జెండా ఇస్తాడు. షంటింగు అసలు పనా కాదా అన్నది లాయర్లు వాదించుకోవాల్సిన సంగతి. ఆ వాదన మొదలవ్వాలన్నా ముందు కాగితం మీద షంటింగు అనే మాట ఉండాలి కదా.

ఉత్తి అనుమానం కాదు ఇది. కొన్నేళ్ళ కింద ఒక సైడింగులో, ఏ సైడింగు అని చెప్పను, రాత్రి రేకు తుంచుతుంటే ఒక కుర్రాడి నాలుగు వేళ్ళు కప్లరులో పోయాయి. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఆ రాత్రి వాడి చేతిలో వాకీటాకీ లేదు, దీపం మెడలో వేలాడుతోంది. తెల్లారి నేను ఆసుపత్రికి పోయి చూస్తే చీటీ మీద "లారీ మీద నుంచి జారి పడ్డాడు" అని ఉంది. హాజరు పుస్తకంలో వాడి పేరు లోడింగు గ్యాంగులో ఉంది. లోడింగువాడు కప్లరు కాడికి ఎందుకు పోయాడని వాణ్ణే అడిగారు. వాడి తల్లి నా మొహం చూసి, "నువ్వు రైల్వే కదా నాయనా, చెప్పు, నా బిడ్డ ఏం పనికి పోయాడో" అంది. నేను చెప్పాను. నా మాటకి అక్కడ కాగితం విలువ లేదు.

అందుకని మేస్త్రీ వచ్చినప్పుడు ఏం అడగాలో చెప్తాను. మొదట, పని పేరు. నియామక పత్రంలో, గుర్తింపు కార్డులో, హాజరులో ఒకే పేరు ఉండాలి. జెండా పట్టేవాడికి, పైపు తగిలించేవాడికి షంటింగు పని అని రాయాలి. నేర్పించారా, ఎవరు నేర్పించారు, ఎన్నాళ్ళు, సర్టిఫికెట్ ఏదీ? పచ్చ, ఎర్ర జెండాలు రెండూ, మూడు రంగుల చేతి దీపం, ఈల, మెరిసే కోటు, బూట్లు, వాకీటాకీ ఇస్తారా, వాటి ఖర్చు కూలిలోంచి కొయ్యరు కదా? రాత్రి డ్యూటీ ఎన్ని గంటలు? పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు మొదటి నెలలోనే చేతికి రావాలి. జీతం బ్యాంకులో పడాలి. ఇవి అడిగితే మేస్త్రీకి కోపం వస్తుంది. కోపం వస్తే ఏదో ఉందనే అర్థం.

దెబ్బ తగిలితే కాంట్రాక్టరు కనపడడు. కంగారు పడొద్దు. 1923 నాటి పరిహారం చట్టంలోనే, కాంట్రాక్టరు కూలీకి దెబ్బ తగిలితే అసలు యజమానే పరిహారం కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి అని ఉంది. కొత్త సోషల్ సెక్యూరిటీ కోడ్ కూడా ఆ పద్ధతి ఉంచింది. ఈఎస్ఐ ఉన్నవాడికి దారి వేరు, ఆ డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది. ఏదైనా మొదటి రోజు చీటీ ముఖ్యం. ఆసుపత్రిలో ఏం రాస్తున్నారో పక్కన ఉన్నవాడు చదవాలి. చదువు రానివాడు చదువొచ్చినవాణ్ణి వెంట తీసుకుపోవాలి. రేకు వచ్చిన టైము, లైను నంబరు, డ్యూటీలో ఎవరెవరున్నారో ఆ రోజే ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

లోకల్ అనే మాట కూడా వింటున్నారు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో మన శాసనసభ చట్టం చేసింది. హైకోర్టులో దాని మీద కేసు పడింది. ఆ కేసు ఎట్టా తేలినా మనం ఒక సంగతి మర్చిపోకూడదు. లోకల్ అంటే ఊరూ లోకలే, గూడెమూ లోకలే. ఊరివాడికి సూపర్వైజరు కుర్చీ, గూడెంవాడికి చీపురూ జెండా ఇచ్చినా 75 శాతం లెక్క సరిపోతుంది. కాబట్టి ఎంతమందిని పెట్టుకున్నారని అడిగి ఊరుకోవద్దు. ఏ పనిలో ఎవరున్నారని అడగాలి.

ఇక చివరగా గేటుకి ఇటువైపు సంగతి. పది చదివిన పిల్లలు ఇక్కడ పది పన్నెండు మంది ఉన్నట్టున్నారు, అమ్మణ్ణులు కూడా. రైల్వే లెవెల్ వన్ ఉద్యోగాలకి 2025 జనవరిలో ప్రకటన వచ్చింది, 32,438 ఖాళీలు. అందులో పాయింట్స్‌మన్ పోస్టులే 5,058. పదో తరగతి చాలు. దేశంలో కోటి మందికి పైగా అప్లికేషను పెట్టారు, కాబట్టి అల్లాటప్పాగా వచ్చేది కాదు. కానీ మన మండలంలో ఆ ప్రకటన వచ్చిందన్న సంగతే ఎంతమందికి తెలిసింది? మేస్త్రీ మాట గూడెం దాకా వచ్చింది, ప్రకటన రాలేదు. పై ప్రకటన వచ్చేలోపు లెక్కలు, రీజనింగు నేర్పే మాస్టర్ని సంఘం చూడాలి. పరుగు పరీక్షకి కొదవ లేదు, సముద్రం ఒడ్డు ఉంది. కట్టిన ఫీజు పరీక్షకి హాజరైతే మన వాళ్ళకి చాలా వరకు వెనక్కి వస్తుంది, అది చెప్పేవాడు లేక మానుకున్నవాళ్ళు నాకు తెలుసు.

మేస్త్రీ వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాడంట. పేర్లు రాయించుకున్నవాళ్ళు ఒక్కొక్కరుగా చెట్టు చాటున మాట్లాడొద్దు. అందరూ ఇక్కడే, ఈ అరుగు కాడే కూర్చోండి. నేను చెప్పిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి అతని చేతికిచ్చి, జవాబు సంతకంతో రాసిమ్మనండి. పొద్దున పది గంటలకంటే నేనూ వస్తాను. నెల్లూరు నుంచి తొమ్మిదికే బస్సుంది.